యంత్రాలకు రక్షణ – 4వ పాఠం: గార్డులు చేసేవారిని, బిగించేవారిని వెదకడం

కిందటి పాఠంలో మీ మిల్లులోనో, గ్రానైట్ యూనిట్‌లోనో యంత్రాల చుట్టూ తిరిగి, చేయి గానీ, చీర కొంగు గానీ, మెడలోని తువ్వాలు గానీ చిక్కుకునే చోట్లన్నీ రాసుకున్నారు. ఇప్పుడు ఆ కాగితం పట్టుకొని, ఆ చోట్లను కప్పే గార్డుల కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏమి అడగాలో చూద్దాం.

ముందుగా పనిని రెండుగా విడదీయండి. పుల్లీలు, బెల్టులు, చైన్లు, షాఫ్టు కొసలు, వీటిని కప్పే స్థిరమైన గార్డు ఇనుప పని. కొలతలు సరిగా ఇస్తే నెల్లూరులోనో, ఒంగోలులోనో నమ్మకమైన ఫ్యాబ్రికేషన్ షాపు దాన్ని చేసిపెడుతుంది. తలుపు తెరవగానే యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాక్, చేయి కాంతికి అడ్డుపడగానే ఆపే లైట్ కర్టెన్, వీటి సంకేతం అందుకొని మోటారుకు కరెంటు ఆపే సేఫ్టీ రిలే మాత్రం కంట్రోల్ ప్యానెల్‌తో ముడిపడినవి. వీటిని వెల్డరుకు గానీ, మోటార్లు చుట్టే ఎలక్ట్రీషియన్‌కు గానీ అప్పగించకండి. పిల్జ్, సిక్, ఓమ్రాన్ వంటి తయారీ సంస్థలనే నేరుగా సంప్రదించి, మన ప్రాంతానికి వచ్చి బిగించే అధీకృత డీలరు ఎవరో అడగండి. నెల్లూరు వారికి చెన్నై 170 కిలోమీటర్ల పైచిలుకు దూరమే కాబట్టి, అంబత్తూరు పారిశ్రామిక వాడ వైపు కూడా విచారించడం మంచిది.

షాపువాడు సరైనవాడో కాదో తెలుసుకోవడానికి గార్డుకు వాడే జాలీ కన్ను, అంటే దాని రంధ్రం కొలత గురించి అడగండి. వల కన్నును బట్టి చేప తప్పించుకున్నట్టే, జాలీ కన్నును బట్టి వేలు దూరుతుంది. యంత్రాల దగ్గర ఎంత ఎడం ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 13857 ప్రకారం చదరపు కన్ను 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోపైతే జాలీకీ, తిరిగే భాగానికీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు, 12 నుంచి 20 లోపైతే 120 మిల్లీమీటర్లు ఎడం ఉండాలి. కన్ను 40 దాటితే చేయి భుజం దాకా దూరుతుంది కాబట్టి ఆ ఎడం 850కి పెరుగుతుంది. ఈ లెక్క అడగకుండానే "జాలీ ఏదైనా ఒకటే" అన్నవాడికి పని ఇవ్వకండి.

యంత్రం నడుస్తుండగా వచ్చి చూడనివాడి కొటేషన్‌ను కూడా పక్కన పెట్టండి. చీమకుర్తిలో నేను పనిచేసిన ఒక పాలిషింగ్ యూనిట్‌లో ఫోటో చూసి చేసిన గార్డు ఎంతో దృఢంగా వచ్చింది, కానీ బేరింగుకు గ్రీజు పెట్టాలంటే ఆరు బోల్టులు విప్పాలి. నెల తిరగకముందే ఆ గార్డు గోడకు ఆనించి ఉంది, బెల్టు మాత్రం బయటే తిరుగుతోంది. గ్రీజు ఎక్కించే నిపుల్‌ను చిన్న గొట్టంతో గార్డు వెలుపలికి తెచ్చి ఉంటే దాన్ని విప్పే అవసరమే వచ్చేది కాదు. కాబట్టి వచ్చినవారిని యజమాని గదిలో కూర్చోబెట్టకుండా, రోజూ గ్రీజు పెట్టే మనిషితో మాట్లాడించండి. గార్డు గట్టిగా ఉండాలనీ, యంత్రం కదులుతున్నంతసేపూ దాని చోటులోనే ఉండాలనీ 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లో రాసిపెట్టారు.

కొటేషన్‌లో రేకు మందం, జాలీ కన్ను, ఎడం, బిగించే బాధ్యత, ఏడాదిలో సరిచేసే షరతు రాతపూర్వకంగా ఉండాలి. ఇంటర్‌లాక్ అయితే బిగించిన రోజే మీ ఎదుట తలుపు తెరిచి యంత్రం ఆగడాన్ని చూపాలి. తలుపు మూసినంత మాత్రాన యంత్రం దానంతటదే మొదలవకూడదు. మొత్తం డబ్బు ఆ పరీక్ష తరువాతే చెల్లించండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: ప్రతి యంత్రానికీ స్విచ్ ఆపి, తిరిగే భాగం పూర్తిగా నిలవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మూడుసార్లు కొలిచి, అన్నింటికన్నా ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోండి. క్షణంలో ఆగే ప్రెస్‌కు లైట్ కర్టెన్ సరిపోవచ్చు. పది సెకన్లు తిరిగే పుల్లీకి మాత్రం, పూర్తిగా ఆగేదాకా తలుపు తెరుచుకోనివ్వని లాకే కావాలి. ఆ అంకెలతోనే 5వ పాఠం మొదలుపెడతాం.