గుర్రం ఖర్చుల లెక్క – 4వ పాఠం: బీమా కట్టాలా, వద్దా?

గత పాఠంలో మేత, లాయం, నాడాలు, టీకాలు అన్నీ కలిపి గుర్రం ఏడాది ఖర్చు తేల్చుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అందులో రాయనిది ఒక్కటే, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద బిల్లు. ఈసారి దాని సంగతి చూద్దాం.

“బీమా లాభమా, నష్టమా?” అని మొదలుపెడితే దారి తప్పుతాం. సగటున చూస్తే కట్టేవాళ్లకు నష్టమే. కంపెనీ జీతాలు, ఏజెంటు కమిషను, లాభం అన్నీ మన ప్రీమియంలోంచే పోవాలి కదా. అందుకని ప్రశ్నను ఇలా వేసుకోండి: రేపు పొద్దున్నే ఎంత డబ్బు కట్టమంటే నేను చేతులెత్తేస్తాను? ఆ మొత్తాన్ని కాగితం మీద రాయండి. మిగతా లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

గుర్రం బీమా అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో వేర్వేరు బీమాలు నాలుగున్నాయి: థర్డ్ పార్టీ, మరణ బీమా, వైద్య ఖర్చుల బీమా, పనికి రాకుండా పోతే ఇచ్చే బీమా. నాలుగూ ఒకే మూటగా అమ్మజూపినా, దేనికది విడిగా తేల్చుకోవాలి.

థర్డ్ పార్టీకి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. తెంచుకుని రోడ్డెక్కిన గుర్రం కారుకు అడ్డం పడితే, లేదా ఎవరినైనా తన్నితే, కట్టాల్సిన పరిహారానికి మీ గుర్రం వెలతో సంబంధం ఉండదు, అంతకు ఎన్నో రెట్లు కావచ్చు. ప్రీమియం మాత్రం మిగతావాటి పక్కన చిన్నది. ఏదీ తీసుకోకపోయినా ఇది తీసుకోండి. కొన్ని స్వారీ సంఘాల సభ్యత్వంలో ఇది కలిసే వస్తుంది, ముందు అది చూసుకోండి.

వైద్య ఖర్చుల బీమా

అసలు నిర్ణయం ఇక్కడుంది. కోలిక్, అంటే కడుపునొప్పి, ఉదాహరణగా తీసుకుందాం. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగు మెలిపడితే రక్తం అందక గంటల్లో ఆ భాగం చచ్చిపోతుంది. ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా వద్దా అన్నది డాక్టర్ లాయంలో నిలబడి ఉండగానే చెప్పెయ్యాలి. డబ్బు సమకూర్చుకునే వ్యవధి ఉండదు. బీమా అసలు ఉపయోగం ఇలాంటి చోటే.

అంకెలు వేద్దాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి పెట్టుకున్నవి, వీటి స్థానంలో మీ కొటేషన్ అంకెలు వేసుకోవాలి. గుర్రం వెల 100 పాళ్లు. వైద్య బీమా ప్రీమియం ఏడాదికి 4 పాళ్లు. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 3 పాళ్లు మీవి, మిగిలినదాంట్లో 20 శాతం కూడా మీదే. కంపెనీ ఇచ్చే గరిష్ఠ పరిమితి 60. ఆపరేషన్, ఆసుపత్రి కలిపి బిల్లు 50 వచ్చింది. 50లో 3 తీస్తే 47, అందులో 20 శాతం 9.4. మీ చేతి నుంచి పోయేది 12.4, కంపెనీ ఇచ్చేది 37.6. దాన్ని 4తో భాగిస్తే 9.4. అంటే తొమ్మిదిన్నరేళ్లలో ఇలాంటి బిల్లు ఒక్కసారి వస్తే చెల్లుకు చెల్లు.

ఇప్పుడు అదే 4 పాళ్లు ఏటా బ్యాంకులో దాచారనుకోండి. ఐదేళ్లకు 20 అవుతుంది. బిల్లు పదో ఏట వస్తే దాచినవాళ్లు నిలదొక్కుకుంటారు, రెండో ఏట వస్తే చేతిలో ఉండేది 8. కాబట్టి 50 పాళ్లు ఇప్పటికే విడిగా ఉన్నవాళ్లకు వైద్య బీమా అక్కర్లేదు. లేనివాళ్లు బీమా కడుతూ, పక్కన కొంచెం కొంచెం దాచుకుంటూ, ఆ నిధి నిండాక బీమా మానెయ్యొచ్చు. రెండూ చెయ్యలేనివాళ్లు ఆపరేషన్ చేయించేది లేదని ముందే డాక్టర్‌కు చెప్పి ఉంచడం గుర్రానికి మేలు. ఆ రాత్రి తటపటాయిస్తే నొప్పి పడేది అదే.

చవక పాలసీతో జాగ్రత్త. పైన చెప్పిన బిల్లుకే, పరిమితి 25 అయితే, మీ వంతు 12.4 నుంచి ఏకంగా 25కు పోతుంది. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ప్రీమియం పక్కన ప్రీమియం పెట్టకండి. ఒకే బిల్లు రెండింటికీ వేసి, మీ జేబులోంచి ఎంత పోతుందో చూడండి. ఇంటికి తెచ్చాక నెలల తరబడి పని లేకుండా నిలబెట్టి మేపే ఖర్చు ఎటూ మీదే.

మినహాయింపుల పేజీ ఇంకా ముఖ్యం. ముందునుంచీ ఉన్న జబ్బుకు ఇవ్వరని అందరికీ తెలుసు. రెండు కాళ్ల షరతు చాలామంది చదవరు: ఎడమ ముంగాలి కీలుకు ఒకసారి వైద్యం జరిగి ఉంటే, కుడి ముంగాలి కీలును కూడా మినహాయించే పాలసీలున్నాయి. తనిఖీ చీటీలో “కొద్దిగా కుంటు, గమనించాలి” అని డాక్టర్ రాసిన ఒక్క ముక్క రేపు క్లెయిమ్‌కు అడ్డుపడుతుంది. దరఖాస్తుకు ముందే వైద్య రికార్డు మొత్తం తెప్పించుకుని చదవండి. అలాగని దాచిపెట్టొద్దు, దాచినట్టు తేలితే పాలసీయే రద్దవుతుంది.

ఇంకో షరతు గడువు. చాలా పాలసీల్లో ఒక్కో జబ్బుకు 12 నెలలే ఇస్తారు, అదీ మొదటి బిల్లు తేదీ నుంచి కాదు, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి. తర్వాత రెన్యువల్‌లో ఆ జబ్బు మినహాయింపుల్లోకి పోతుంది. లామినైటిస్ లాంటి, ఏళ్ల తరబడి తిరగబెట్టే గిట్టల జబ్బుకు లెక్క వేసేటప్పుడు మొదటి ఏడాది ఖర్చే బీమా ఖాతాలో రాయండి. కొత్త పాలసీలో మొదటి కొద్ది రోజులు, తరచుగా 14, జబ్బులకు వర్తించకపోవడమూ మామూలే.

మరణ బీమా

ప్రీమియం గుర్రం వెలలో శాతంగా ఉంటుంది. 3 శాతం అనుకుంటే 100 పాళ్ల గుర్రానికి ఏటా 3. ఏటికి నూటికి మూడు కంటే ఎక్కువగా చనిపోయే అవకాశం ఉంటేనే లెక్క సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న నడివయసు గుర్రానికి, మరొకటి కొనగల స్తోమత ఉంటే, మేము దీన్ని సిఫారసు చెయ్యం. అప్పు చేసి కొన్న గుర్రమైతే వేరే మాట.

తీసుకుంటే రెండు మాటలు వెతకండి. ఒకటి, చెల్లించేది ఒప్పుకున్న వెలా, చనిపోయిన నాటి మార్కెట్ వెలా? మార్కెట్ వెల అయితే, మూడేళ్లు 100 మీద ప్రీమియం కట్టినా, వెల 60కి పడితే చేతికొచ్చేది 60. రెండోది, బాగుపడని గుర్రం ప్రాణాన్ని డాక్టర్ చేత తీయించే షరతు. బాధ తీర్చడానికి వేరే దారి లేదని డాక్టర్ రాసివ్వాలి. వైద్యం ఉండి, ఖర్చు భరించలేక వద్దన్నారంటే క్లెయిమ్ ఆగిపోవచ్చు. వైద్య బీమా లేని మరణ బీమా చిక్కుల్లో పడేది ఇక్కడే. ఆ రాత్రి ఆపరేషన్‌కు ముందే కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చెయ్యాలి. ఒక్క నిమిషం కూడా ఆగలేని పరిస్థితయితే తప్ప, వాళ్ల అనుమతి లేకుండా ప్రాణం తీయించకూడదు, పోస్ట్‌మార్టం గురించి అడగకుండా పాతిపెట్టకూడదు. ఆ నంబరు లాయం తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో అంటించండి.

పనికి రాకుండా పోతే ఇచ్చే బీమా ఖరీదైనది. ఇక ఎప్పటికీ పనికి రాదని తేలాలి, వెలలో కొంత శాతమే ఇస్తారు, కొన్ని కంపెనీలు గుర్రాన్ని తామే తీసుకుంటాయి. పోటీల వల్లే వెల పలికే గుర్రానికి తప్ప దీని జోలికి పోవద్దు. తీసుకుంటే వాడకం నిజం రాయండి. సరదా స్వారీకని రాసి గంతుల పోటీకి దించితే చెల్లదు.

వయసు సంగతి: పదిహేను నుంచి ఇరవై ఏళ్ల మధ్య చాలా కంపెనీలు జబ్బులను తీసేసి ప్రమాదాలకే పరిమితం చేస్తాయి. ఆ వయసు దాటాక అదే సొమ్మును నిధిలో వెయ్యడం మేలు.

అభ్యాసం: మూడు కొటేషన్లు తెప్పించండి. ఒక్కోదానికి 20, 50, 80 పాళ్ల బిల్లులు వేసి, మీ చేతి నుంచి పోయేది రాయండి. ప్రతిదాని పక్కన ఈ రోజు మీ దగ్గరున్న నిల్వ రాయండి. మినహాయింపుల పేజీలో అర్థంకాని ప్రతి వాక్యం కింద గీత గీసి, జవాబు ఫోన్లో కాదు, రాతపూర్వకంగా అడగండి. వచ్చే పాఠంలో ఆ గీతల కాగితంతోనే దరఖాస్తు ఫారం నింపుదాం.