కొవ్వు తగ్గాలంటే ‘మాక్రోల’ లెక్క ఎలా రాసుకోవాలి?

అనంతపురంలో జిమ్ముకు వెళ్లేవారిని ఎవరిని కదిలించినా ఇప్పుడు ‘మాక్రోల’ మాటే వినిపిస్తోంది. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు అనే మూడు స్థూల పోషకాలను రోజూ గ్రాముల్లో రాసుకోవడమే ఈ పద్ధతి. అయితే మహిమ వాటి నిష్పత్తిలో లేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, 609 మందిలో కొందరికి కొవ్వు తక్కువగా, మిగిలినవారికి పిండి పదార్థాలు తక్కువగా ఉండే ఆహారాన్ని ఏడాదిపాటు సూచించగా, తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఖర్చయ్యేదానికంటే తినే శక్తి తక్కువైతేనే ఒంట్లో కొవ్వు కరుగుతుంది. లెక్క వల్ల లాభమేమిటంటే, ఆ శక్తి మన వంటల్లో ఎక్కడ దాక్కుందో బయటపడుతుంది.

ముందుగా ఒక వంటింటి డిజిటల్ కాటా, ఒక నోటు పుస్తకం సిద్ధం చేసుకొని, మొదటి వారం తిండిలో ఏమీ మార్చకుండా తిన్నదంతా రాయండి. ఆదివారం తిన్న ఉగ్గాని, బజ్జీలు కూడా అందులో ఉండాలి.

సరుకుల తూకం ఎప్పుడూ వండకముందే వేయాలి. ఉదాహరణకు 200 గ్రాముల రాగిపిండి, 100 గ్రాముల బియ్యంతో సంగటి కెలికారనుకోండి. దించాక మొత్తం సంగటిని తూచి, మీ ముద్ద అందులో ఎన్నో వంతో చూసుకోవాలి. నాలుగో వంతైతే మీరు తిన్నది 50 గ్రాముల రాగిపిండి, 25 గ్రాముల బియ్యం; అంటే దాదాపు 250 కిలోకేలరీలు, 53 గ్రాముల పిండి పదార్థాలు, ఆరు గ్రాములకు కాస్త తక్కువగా మాంసకృత్తులు. అందరూ నిందించే సంగటి లెక్కలో ఇంత మర్యాదగానే కనిపిస్తుంది.

అసలు దొంగలు నూనె, చెనిక్కాయలు (వేరుశనగలు). గ్రాము పిండి పదార్థంలో, గ్రాము మాంసకృత్తుల్లో నాలుగేసి కిలోకేలరీలుంటే, గ్రాము కొవ్వులో తొమ్మిది ఉంటాయి. తాలింపులో పోసే నూనెను పూటపూటా కొలవడం విసుగు పుట్టిస్తుంది కాబట్టి నెల లెక్క వేయడం మేలు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కిలోకేలరీలు పడుతున్నట్టే. ఇక 100 గ్రాముల చెనిక్కాయల్లో 24 గ్రాముల మాంసకృత్తులున్న మాట నిజమే. కానీ వాటి 520 కిలోకేలరీల్లో దాదాపు 360 కొవ్వువే. చెనిక్కాయలతో రుబ్బే ఊరిబిండి పచ్చడిని మానమని నేను చెప్పను, ఈ ప్రాంతంలో ఎవరూ వినరు కూడా. రుబ్బే ముందు గింజలను తూచండి, చాలు.

రెండో వారం లక్ష్యం పెట్టుకోండి. మొదటి వారం సగటు 2,200 కిలోకేలరీలు వచ్చి, బరువు నిలకడగా ఉంటే 1,800కు తగ్గించవచ్చు. 70 కిలోల మనిషికి, కండ కరగకుండా ఉండేందుకు, కిలో బరువుకు 1.2 గ్రాముల చొప్పున 84 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాముల కొవ్వు కేటాయిస్తే, పిండి పదార్థాలకు సుమారు 253 గ్రాములు మిగులుతాయి. మాంసకృత్తుల దగ్గరే చాలామంది వెనకబడతారు. 50 గ్రాముల కందిపప్పు 11 గ్రాములు, రెండు గుడ్లు 12 గ్రాములు, 50 గ్రాముల పొడి మీల్ మేకర్ దాదాపు 25 గ్రాములు ఇస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ఈ మార్పులు చేయకూడదు.

ఉదయం కాలకృత్యాలయ్యాక రోజూ బరువు చూసి వారం సగటు రాసుకోండి. ఉప్పు, నీటి వల్ల ఒక్కరోజులోనే కిలో అటూ ఇటూ అవుతుంది. బొడ్డు వద్ద నడుము చుట్టుకొలతను వారానికోసారి చూస్తే సరిపోతుంది. నాలుగు వారాలైనా రెండూ కదలకపోతే, సంగటి ముద్దను చిన్నది చేసే ముందు నూనె క్యాను మరోసారి తూచి చూడండి.