ఇంట్లో దొరికే వస్తువులతో 4×5 షీట్ ఫిల్మ్ కడగడం ఎలా?

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా స్తంభంలాంటి నీడ ఒకటి నిలబడి ఉంటుంది. బయట ఎండకు కళ్లు చెదురుతుంటే లోపల ఆ నీడ అంచులు కరిగిపోయినట్టు మెత్తగా కనిపిస్తుంది. నన్ను షీట్ ఫిల్మ్ వైపు లాగింది ఆ నీడే. 36 ఫొటోల రీలు కడిగితే అన్నింటికీ ఒకే సమయం. గుడి లోపలి నీడకూ, బయట ఎండలో మెరిసే రాతికీ ఒకటే లెక్క. షీటు అంటే 4×5 అంగుళాల విడి ఫిల్మ్ ముక్క, అది అలా కాదు. ఒక్కోదాన్నీ విడిగా కడుగుతాం, ఏ దృశ్యానికి ఎంత సమయం కావాలో అంతే ఇస్తాం. ఈ ఒక్క సౌకర్యం కోసం ఎంత శ్రమైనా పడవచ్చునని నా నమ్మకం.

దీనికి ప్రత్యేకమైన ట్యాంకులు అక్కర్లేదు. కావలసినవి చీకటి గది, నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, మంచి నీళ్లు, ఒక థర్మామీటరు, కొంత ఓపిక.

ముందు చీకటి

కిటికీ లేని స్నానాల గది ఉత్తమం. కిటికీ ఉంటే కూరగాయల తోటల్లో పరిచే మల్చింగ్ షీటు తెచ్చి మూసేయండి. ఒకవైపు నలుపు, మరోవైపు వెండి రంగు ఉండే ఈ షీటు మామూలు దుప్పటి కంటే బాగా వెలుతురును ఆపుతుంది. తలుపు కింద సందుకు తడి తువ్వాలు పెట్టండి. రాత్రి తొమ్మిది దాటాక లోపల కూర్చుని, దీపం ఆర్పి, పది నిమిషాలు ఆగండి. వెళ్లగానే కనిపించని సందులన్నీ కళ్లు అలవాటుపడ్డాక బయటపడతాయి. గీజరు మీది చిన్న ఎర్ర దీపం, చేతి గడియారం ముల్లుల మెరుపు, ఛార్జరు చుక్క, అన్నీ మూసేయాలి. ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ వంటి పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్ అన్ని రంగుల వెలుతురుకూ స్పందిస్తుంది కాబట్టి దానికి ఎర్ర దీపం కూడా పనికిరాదు.

డబ్బాలు

షీటు కంటే కొంచెం పెద్దవి, సుమారు 6×8 అంగుళాల మిఠాయి డబ్బాలు గానీ ఫ్రిజ్ డబ్బాలు గానీ నాలుగు తీసుకోండి. అడుగు నున్నగా ఉండాలి. గీతలు, ఉబ్బెత్తు అక్షరాలు ఉంటే ఫిల్మ్‌ను గీకేస్తాయి. స్టీలు పళ్లేలు కూడా పనికొస్తాయి కానీ అల్యూమినియం వద్దు. ఒకసారి రసాయనం పోసిన పాత్ర మళ్లీ వంటింట్లోకి పోకూడదు. చీకట్లో తడుముకున్నా తెలిసేలా మొదటి డబ్బా అంచుకు ఒక రబ్బరు బ్యాండు, రెండోదానికి రెండు వేసి, ఎడమ నుంచి కుడికి వరుసగా పెట్టండి.

నీళ్ల సంగతి

ఈ ప్రాంతంలో అసలు సమస్య నీళ్లే. బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నా మొదటి నెగటివ్‌లను బోరు నీటితోనే కడిగాను. ఆరాక ఆకాశం నిండా తెల్లటి మచ్చలు తేలాయి. అప్పటి నుంచి డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణం) కలపడానికీ, చివరిసారి ముంచడానికీ ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే స్వేదన జలమే వాడుతున్నాను. అయిదు లీటర్ల డబ్బా కొంటే చాలాకాలం వస్తుంది. మధ్యలో కడగడానికి కుళాయి నీళ్లు చాలు.

రెండోది వేడి. ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉంటాయి. అంత వేడికి ఫిల్మ్ మీద బొమ్మను పట్టే జెలటిన్ పూత ఉబ్బి, మెత్తబడి, అంచుల దగ్గర లేచిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు ఈ పనికి హాయిగా ఉంటాయి. మిగతా నెలల్లో పెద్ద టబ్బులో కుండ నీళ్లు పోసి, డబ్బాలను అందులో కూర్చోబెట్టండి. ఇంకా వేడిగా ఉంటే మంచు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి టబ్బులో వేయండి, డబ్బాలో కాదు. 20 దాకా దించాలని పట్టుబట్టకండి. 24 దగ్గర నిలబెట్టగలిగితే చాలు. అయితే డెవలపర్ నుంచి చివరి కడుగు దాకా అన్నీ అదే వేడిలో ఉండాలి.

ఎండాకాలంలో ఫిల్మ్ కడగక తప్పకపోతే పటిక కాపాడుతుంది. తాగునీటిలోని ఫ్లోరైడును తగ్గించడానికి పటిక, సున్నం వాడే విధానానికి మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. పటిక జెలటిన్‌ను కూడా గట్టిపరుస్తుంది. లీటరు నీటికి 20 గ్రాములు కరిగించి, స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే ద్రావణం) తరువాత ఫిల్మ్‌ను అందులో 3 నిమిషాలు ఉంచి, నీటిలో జాడించి, అప్పుడు ఫిక్సర్‌లో (బొమ్మ వెలుతురుకు చెడకుండా నిలిపే ద్రావణంలో) వేయండి.

రసాయనాలు

డీ-76 డెవలపర్‌ను పొడి రూపంలో కొనవచ్చు. నేను మాత్రం కలుపుకుంటాను. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. వెలిగారం కంసాలి పనికి వాడేదే, స్వచ్ఛమైనది చూసి తీసుకోండి. మిగతా మూడూ హైదరాబాద్‌లో ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణాల్లో అడగాలి. 50 డిగ్రీల వేడి ఉన్న 750 మిల్లీలీటర్ల నీటిలో ముందు చిటికెడు సల్ఫైట్, తరువాత మెటాల్ వేయండి. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగదు, అసలు వేయకపోతే మెటాల్ గాలి తగిలి పాడవుతుంది. అది కరిగాక మిగిలిన సల్ఫైట్, హైడ్రోక్వినోన్, వెలిగారం వరుసగా కలిపి, చల్లటి నీటితో లీటరు చేసి, నిండుగా ఉన్న ముదురు రంగు సీసాలో ఒక రోజు నిలవ ఉంచండి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, చేతికి తొడుగులు తప్పనిసరి. పొడి తూచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

స్టాప్ బాత్‌కు లీటరు నీటిలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు.

ఫిక్సర్‌కు లీటరుకు 250 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్), 15 గ్రాముల సోడియం సల్ఫైట్. నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టడానికి చేపల తొట్టెలవాళ్లు వాడేది కూడా హైపోయే. కరిగేటప్పుడు అది నీటిని బాగా చల్లబరుస్తుంది, అందుకే గోరువెచ్చటి నీళ్లతో మొదలుపెట్టాలి.

వెలుతురులో సాధన

ఖరీదైన షీటును ముట్టుకునే ముందు ఎక్స్‌రే ఫిల్మ్‌తో చెయ్యి అలవాటు చేసుకోండి. 8×10 అంగుళాల షీటును కోస్తే నాలుగు ముక్కలు వస్తాయి. కెమెరాలో షీటును పట్టి ఉంచే హోల్డర్‌లో పట్టేందుకు ప్రతి ముక్కనూ 4×5 కంటే కాస్త తక్కువగా కోయాలి. సాధారణంగా ఇది ఎరుపుకు స్పందించదు కాబట్టి ఎర్ర దీపం కింద బొమ్మ పైకి తేలడాన్ని కళ్లారా చూడవచ్చు. తెల్ల కాగితం మీద నల్లని బొమ్మ తేలడం వేరు, పాలలాంటి ఫిల్మ్ మీద ఆకాశం ముందుగా నల్లబడి, ఆ తరువాత చెట్టు, చివరగా నీడ రావడం వేరు. ఆ వరుసను ఒకసారి చూస్తే డెవలపర్ ఏం చేస్తుందో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. దీపం సురక్షితమేనా అని తేల్చుకోవడానికి ఒక ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టి, అయిదు నిమిషాలు ఆ వెలుతురులో ఉంచి కడగండి. బిళ్ల గుండ్రం కనిపిస్తే దీపాన్ని దూరంగా జరపాలి. చాలా ఎక్స్‌రే ఫిల్మ్‌లకు రెండువైపులా పూత ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. ఒక్కో ముక్కనే కడగండి.

అసలు పని

డెవలపర్ 250 మిల్లీలీటర్లకు అంతే స్వేదన జలం కలిపి మొదటి డబ్బాలో పోయండి. ఇది రెండు షీట్లకు వాడి పారబోయాలి. రెండో డబ్బాలో స్టాప్ బాత్, మూడోదాంట్లో ఫిక్సర్, నాలుగోదాంట్లో నీళ్లు. ఎఫ్‌పీ4 ప్లస్‌కు ఈ పలుచన డెవలపర్‌తో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర సుమారు 8. డబ్బాను ఆగకుండా ఊపుతాం కాబట్టి 15 శాతం దాకా తగ్గించి 7 నిమిషాలతో మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన షీటైతే ఇంకో అయిదో వంతు తగ్గించి అయిదున్నర. అయిదు నిమిషాల కంటే దిగితే డెవలప్‌మెంట్ మచ్చలు మచ్చలుగా వస్తుంది.

చీకట్లో గడియారం చూడలేం. "అర నిమిషం, ఒక నిమిషం" అని నా గొంతునే ఫోనులో రికార్డు చేసి, తలుపు బయట పెట్టి వినిపించుకుంటాను. మొదట్లో ఇంట్లోవాళ్లే బయటి నుంచి నిమిషాలు లెక్కపెట్టేవారు.

దీపం ఆర్పండి. చేతులు పొడిగా ఉండాలి. షీటును నిలువుగా పట్టుకుని, అంచులోని చిన్న గాట్లు కుడివైపు పైమూలకు వచ్చేలా తిప్పితే పూత ఉన్న వైపు మీ ముఖానికి ఎదురుగా ఉంటుంది. పూత పైకి ఉండేలా, ఒక అంచు ముందుగా, ఒకే ఊపులో డెవలపర్‌లోకి జార్చండి. ఇక్కడ తడబడితే ఆ తడబాటు ఆకాశంలో గీతగా మిగిలిపోతుంది. తరువాత డబ్బా ఎడమ అంచు లేపి దించండి, ఆపైన కుడి, ముందు, వెనుక. నెమ్మదిగా, అల మెల్లగా అటూ ఇటూ పారేంతే. మరీ క్రమం తప్పకుండా ఒకే దిక్కున ఊపితే అంచులు ఎక్కువ నల్లబడతాయి.

సమయం కాగానే మూలన పట్టి ఎత్తి, చుక్కలు కారనిచ్చి, అర నిమిషం స్టాప్ బాత్‌లో ఊపి, ఫిక్సర్‌లో వేయండి. మొదటి రెండు నిమిషాలు చీకటి ఉండాలి, ఆ తరువాత దీపం వేయవచ్చు. ఫిల్మ్‌లో పాల తెలుపు పోవడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపు మళ్లీ ఉంచండి.

కుళాయి వదిలేసి కడగడానికి మన దగ్గర నీళ్లెక్కడివి? డబ్బాలో నీళ్లు మార్చుతూ, ఒక్కోసారి అయిదు నిమిషాల చొప్పున ఏడెనిమిది సార్లు నానబెడితే హైపో పోతుంది. చివరగా స్వేదన జలంలో ఒక నిమిషం ఉంచి, గాట్లు ఉన్న మూలను క్లిప్పుతో పట్టించి, స్నానాల గదిలోనే దండెం మీద ఆరేయండి. ఫ్యాను వేయకండి, దుమ్ము అతుక్కుంటుంది.

వాడిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. దాన్ని బావి దగ్గరా, బోరు దగ్గరా పారబోయవద్దు. డబ్బాలో నిలవ ఉంచి స్టీలు పీచు వేస్తే వెండి ఇనుము మీద పేరుకుంటుంది.

నెగటివ్‌ను చదవడం

ఆరిన షీటును కిటికీకి అడ్డంగా పట్టుకోండి. నెగటివ్‌లో వెలుగు నల్లగా, నీడ పలచగా కనిపిస్తుంది. నీడలు గాజులా ఖాళీగా ఉంటే తప్పు కెమెరా దగ్గర జరిగింది, వెలుతురు చాలలేదు. నీడల్లో వివరం ఉండి, వెలుగు భాగాలు కిటికీ ఆవలి చెట్టు కూడా కనిపించనంత నల్లగా ఉంటే డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచారు. ఫిల్మ్ హోల్డర్‌కు రెండు వైపులూ ఉన్నది ఇందుకే అనుకుంటాను. గుడి దగ్గర నేనెప్పుడూ ఒకే దృశ్యాన్ని రెండు వైపులా తీస్తాను, ఆ రాత్రి ఒక్కదాన్నే కడుగుతాను. పానగల్లు నీడ మొదటి షీటులో వచ్చింది కానీ గర్భగుడి గడప మీది ఎండ మరీ నల్లగా మూసుకుపోయింది. మర్నాడు తెల్లవారుజామున రెండో షీటుకు ఒక నిమిషం తగ్గించాను. గడప రాతి మీది ఉలి గాట్లు కనిపించాయి.