వరల్డ్ కప్ వాలంటీర్ యూనిఫాం కోసం వెళ్తున్నారా? ముందు మీ పేరు సరిచూసుకోండి

రెండేళ్ల క్రితం టెక్సస్‌లోనే వేరే టోర్నీకి వాలంటీర్ యూనిఫాం తీసుకోవడానికి లైన్లో నిలబడ్డాను. నా ముందున్నది మన తెలుగావిడే. పిల్లాడిని పక్కింటివాళ్ల దగ్గర వదిలి, గంటసేపు డ్రైవ్ చేసుకుని వచ్చారు. కౌంటర్‌లో అమ్మాయి లైసెన్స్ తీసుకుని స్క్రీన్ వైపు చూసి, మళ్లీ లైసెన్స్ వైపు చూసి, "పేరు కలవడం లేదండీ, ఇవ్వలేను" అంది. ఈవిడ వాలంటీర్ వెబ్‌సైట్‌లో తన ప్రొఫైల్‌లో పిలుపు పేరు, దాని పక్కన భర్త ఇంటిపేరు రాసుకున్నారు. లైసెన్స్ మీద వేరేలా ఉంది. "పేరు నాదే కదమ్మా" అని మూడుసార్లు అన్నారు. ఆ అమ్మాయికీ బాధగానే ఉంది, కానీ స్క్రీన్ మీద పేరు మార్చే అధికారం తనకు లేదు. ఆవిడ ఉత్త చేతులతో వెనక్కి వెళ్లారు. పేరు సరిచేయించుకుని నాలుగు రోజుల తర్వాత మళ్లీ వస్తే అప్పటికి ఆవిడ సైజు అయిపోయింది.

ఇప్పుడు జరగబోయేది అంతకన్నా చాలా పెద్దది. 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జూన్ 11 నుంచి జులై 19 వరకు అమెరికా, కెనడా, మెక్సికోల్లో 16 నగరాల్లో జరుగుతుంది. 48 జట్లు, 104 మ్యాచ్‌లు, సుమారు 65 వేల మంది వాలంటీర్లు. డాలస్ పక్కన ఆర్లింగ్టన్ స్టేడియంలోనే 9 మ్యాచ్‌లున్నాయి. ఫైనల్ న్యూజెర్సీలో. అట్లాంటా, హ్యూస్టన్, బే ఏరియా, సియాటిల్ కూడా జాబితాలో ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు ఇవే కాబట్టి ఆ రెండేళ్ల నాటి సంగతి చాలా ఇళ్లలో మళ్లీ జరగొచ్చు. అందుకే రాస్తున్నాను.

దరఖాస్తు, ఇంటర్వ్యూ, ఎంపిక, ట్రైనింగ్ ఇవన్నీ దాటినవాళ్లకు ఆ వరుస మళ్లీ చెప్పక్కర్లేదు. యూనిఫాం దగ్గరికి వచ్చేసరికి పని మామూలుగా ఇలా ఉంటుంది: ఈమెయిల్ వస్తుంది, అందులో చోటు, తేదీ, టైమ్ ఉంటాయి, లేదా స్లాట్ మిమ్మల్నే ఎంచుకోమంటారు. ఒరిజినల్ ఫోటో ఐడీతో వెళ్తారు. ముందు అక్రెడిటేషన్ బ్యాడ్జి, అంటే లోపలికి రానిచ్చే గుర్తింపు కార్డు, ఆ తర్వాత యూనిఫాం, చివర సంతకం. ఊరిని బట్టి వివరాలు మారతాయి కాబట్టి మీకొచ్చిన ఈమెయిల్‌లో ఏముంటే అదే మీకు లెక్క, స్నేహితుడికి వచ్చింది కాదు. యూనిఫాం స్టేడియంలోనే ఇస్తారని అనుకుని బయల్దేరకండి. ఇలాంటి సెంటర్లు చాలాసార్లు వేరే చోట పెడతారు.

ఇక అసలు చిక్కు, పేరు.

మన పేర్లు ఇక్కడి ఫారాల్లో సరిగా ఇమడవు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉన్నవాళ్లు మనలో చాలామంది. అలాంటివాళ్లకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు పేరు మొత్తాన్ని ఇంటిపేరు గడిలో వేసి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (FNU, ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని కొడతారు. అంటే మొదటి పేరు తెలియదని అర్థం. వీసాను చూసి లైసెన్స్ ఇచ్చేటప్పుడు చాలాసార్లు అందులోకీ అదే ఎక్కుతుంది. ఇప్పుడు పాస్‌పోర్టులో వెంకట లక్ష్మీ ప్రసన్న అని ఉన్నావిడ లైసెన్స్ మీద ఎఫ్‌ఎన్‌యూ వెంకట లక్ష్మీ ప్రసన్న అవుతుంది. ఆఫీసులో ప్రసన్న. పెళ్లయ్యాక ఫేస్‌బుక్‌లో ప్రసన్న పక్కన అత్తవారి ఇంటిపేరు. వాలంటీర్ ఫారం నింపేటప్పుడు ఇందులో ఏది చేతికొస్తే అది రాసేస్తాం. అది తప్పు కాదు, మోసం అంతకన్నా కాదు. కానీ కౌంటర్‌లో ఉన్నవాళ్లకు కార్డు మీద అక్షరాలు, స్క్రీన్ మీద అక్షరాలు తప్ప మీ కథ తెలియదు.

చేయాల్సింది ఏమిటంటే, సెంటర్‌కి ఏ కార్డు తీసుకెళ్తారో ముందు తేల్చుకోండి. పాస్‌పోర్టా, లైసెన్సా? తేల్చుకున్నాక ఆ కార్డు మీద ఉన్నది ఉన్నట్టు ప్రొఫైల్‌లో ఉందో లేదో చూడండి. లైసెన్స్ తీసుకెళ్తుంటే, దాని మీద ఎఫ్‌ఎన్‌యూ ఉంటే, చూడటానికి ఎంత వింతగా ఉన్నా ప్రొఫైల్‌లోనూ అదే ఉండాలి. పాస్‌పోర్టు తీసుకెళ్తుంటే పాస్‌పోర్టులోలాగే. రెండూ కలిపి ఒక కొత్త పేరు తయారుచేయకండి. అక్రెడిటేషన్ ఈమెయిల్‌లో ఫలానా ఐడీయే తేవాలని ఉంటే ఇక ఆలోచించే పనే లేదు, ఆ కార్డునే చూసి సరిచేసుకోండి. దరఖాస్తులో ఏ కార్డు నంబరిచ్చారో ఆ కార్డే తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు.

కార్డును మార్చాలని చూడకండి, ప్రొఫైల్‌నే మార్చండి. పాస్‌పోర్టులో పేరు సవరించుకోవడానికి వారాలు పడుతుంది, యూనిఫాం స్లాట్ అన్నాళ్లు ఆగదు. ప్రొఫైల్‌లో పేరు గడి తెరుచుకుంటే మీరే మార్చేయండి. వివరాలు ఒకసారి అక్రెడిటేషన్‌కి వెళ్లాక ఆ గడి లాక్ అయి ఉండొచ్చు. అప్పుడు పోర్టల్‌లో, అంటే ఆ వాలంటీర్ వెబ్‌సైట్‌లో ఉన్న సహాయం లింకు ద్వారానే రాయండి. నాలుగు ముక్కలు చాలు: ప్రొఫైల్‌లో ఉన్న పేరు, కార్డు మీద ఉన్న పేరు, పుట్టిన తేదీ, మీ స్లాట్ తేదీ. జవాబు వచ్చి స్క్రీన్ మీద పేరు మారేదాకా బయల్దేరకండి. వెళ్లి అక్కడ మాట్లాడుకుందాం అనుకున్నవాళ్లే ఎక్కువగా వెనక్కి వస్తారు.

పేరు సరిగా ఉన్నా పుట్టిన తేదీ దగ్గర కొందరు ఆగిపోతారు. మనం రోజు ముందు రాస్తాం, అమెరికాలో నెల ముందు. 25వ తేదీన పుట్టినవాళ్లు తిరగేసి రాస్తే ఫారమే ఒప్పుకోదు కాబట్టి అప్పుడే తెలిసిపోతుంది. మార్చి 7న పుట్టినవాళ్లు రాస్తే మాత్రం ఏ అభ్యంతరం లేకుండా జులై 3 అయి కూర్చుంటుంది. 12లోపు తేదీల్లో పుట్టినవాళ్లు దయచేసి ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి, టెక్సస్‌లో మన హెచ్-1బీ వాళ్ల లైసెన్స్ గడువు వీసా కాగితాలతో ముడిపడి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ రాకముందే లైసెన్స్ గడువు అయిపోయినవాళ్లు పాస్‌పోర్టు పెట్టుకోండి. ఈ మధ్య పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నవాళ్లకు నంబర్ మారి ఉంటుంది. ప్రొఫైల్‌లో కొత్త నంబర్ ఎక్కించి, పాతది కూడా వెంట తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఒక చొక్కా కోసం ఇంత పట్టింపా అని విసుగొస్తుంది, నిజమే. కానీ ఆ పేరు మీదే మన నేపథ్యం గురించి విచారణ (బ్యాక్‌గ్రౌండ్ చెక్) చేస్తారు. ఆ బ్యాడ్జి, ఆ చొక్కా వేసుకున్న మనిషిని మామూలు ప్రేక్షకులు వెళ్లలేని చోట్లకు కూడా రానిస్తారు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలప్పుడు యూనిఫాం తీసుకుని డ్యూటీకి రానివాళ్లు వేలల్లో ఉన్నారని పత్రికల్లో వచ్చింది. అందుకే ఎవరి యూనిఫాం వాళ్లే స్వయంగా వచ్చి తీసుకోవాలంటారు. భార్యది భర్తకు ఇవ్వరు, అక్కది తమ్ముడికి ఇవ్వరు.

ఈ గందరగోళం మీదే బతికేవాళ్లు కూడా ఉన్నారు. వాట్సాప్ గ్రూపుల్లో "స్లాట్ ఇప్పిస్తాం", "పేరు మార్పిస్తాం", "ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కూడా కిట్ వస్తుంది" అని మెసేజ్‌లు పెట్టి, డబ్బుతో పాటు పాస్‌పోర్టు కాపీ అడుగుతారు. వాలంటీర్ అవడానికి గానీ యూనిఫాంకి గానీ ఫీజు లేదు. డబ్బు పోతే పోయింది, పాస్‌పోర్టు కాపీ ఎవరి చేతికి వెళ్లిందో ఆలోచించండి. ఎంపిక కాని మనిషికి యూనిఫాం ఇప్పించే దారి ఎవరి దగ్గరా లేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు వాలంటీర్‌గా చేయొచ్చా లేదా అని ఇంకా అనుమానంగా ఉంటే గ్రూపుల్లో అడగకుండా కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. అక్కడ ఇచ్చే సలహాకు డబ్బు తీసుకోరు.

సెంటర్లో సైజు తొందరపడి తీసుకోవద్దు. ఇక్కడి మీడియం మన ఊరి మీడియం కన్నా పెద్దది. పైన వేసి చూసుకోవడానికి వీలుగా పల్చటి టీ షర్టు, ప్యాంటుతో వెళ్లండి. చేతులు పైకెత్తి, కూర్చుని, వంగి చూడండి, జూన్ ఎండలో గంటలకొద్దీ వేసుకోవాల్సింది అదే. సంతకం పెట్టే ముందు కాగితంలో రాసిన వస్తువులన్నీ సంచిలో ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. బ్యాడ్జి ఫోటో స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది, ఎవరికైనా అంతే. పెట్టేముందు బార్‌కోడ్ మీద వేలు అడ్డం పెట్టండి.

పిల్లలకు జ్వరమో, కారు మొరాయించడమో జరిగి స్లాట్‌కి వెళ్లలేకపోతే కంగారు పడకండి. అదే రోజు పోర్టల్‌లో వేరే స్లాట్ ఉందేమో చూడండి, లేకపోతే వచ్చిన ఈమెయిల్‌లో చెప్పిన దారిలోనే రాయండి. సెంటర్ మూసే ఆఖరి తేదీ ఆ ఈమెయిల్‌లోనే ఉంటుంది, దాన్ని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.