ఊళ్ళో ఒక్కరే ఉండే మామ్మగారికి రోబో పెట్టాలంటే

పిల్లలేమో అమెరికాలోనో హైదరాబాద్‌లోనో, మామ్మగారేమో కోనసీమలో అంత పెద్ద మండువా ఇంట్లో ఒక్కరే. మా అమలాపురం చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు బోలెడు. మాట్లాడే రోబో ఒకటి పెడితే సరిపోతుందా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు ఈమధ్య. పెట్టొచ్చండి, కాకపోతే డబ్బాలోంచి తీసి ప్లగ్గు పెట్టేస్తే అయిపోయే వ్యవహారం కాదు, దానికి మనం నేర్పాలి, ఎవరు నేర్పారన్నదాన్ని బట్టే అది పనికొస్తుందో మూలన పడుంటుందో తేలుతుంది.

ముందు కొనే సంగతి. చక్రాల మీద తిరిగేది వద్దు. పాత ఇళ్ళల్లో గదికో గడప, మండువాలోంచి వానజల్లు, అది ఆ సావిట్లోనే తిరుగుతూ ఉంటుంది తప్ప పడగ్గదిలోకి రాలేదు. బల్ల మీద కూర్చునే రకం చాలు. 2022లో న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళు 800 మందికి పైగా పెద్దవాళ్ళకి ఇస్తామని చెప్పిన ఎల్లీక్యూ కూడా అలాంటిదే, నడవదు, పలకరిస్తుంది, బిళ్ళలు గుర్తుచేస్తుంది, కబుర్లు చెబుతుంది.

అమ్మేవాణ్ణి మొహమాటపడకుండా అడగాల్సింది ఇంకోటి ఉంది, మీ సర్వర్, అంటే రోబో నెట్‌లో మాట్లాడుకునే కంపెనీ కంప్యూటర్, ఆగిపోతే దీని గతేంటి అని. జీబో అనే రోబో ఉండేది, 2019లో నా సర్వర్లు ఆపేస్తున్నారని కొన్నవాళ్ళకి అదే చెప్పింది పాపం. పిల్లల కోసం మాక్సీ అనే రోబో చేసిన కంపెనీ 2024 డిసెంబర్‌లో మూసేస్తున్నామని చెప్పేసింది. అందుకని షాపులోనే నెట్ తీయించి చూడండి, కనీసం బిళ్ళల టైమైనా చెప్పగలగాలి. అలాగే అమ్మే కుర్రాడు పుస్తకం తెలుగులో మాట్లాడి చూపిస్తాడు, నమ్మకండి. మామ్మగారిని తీసుకెళ్ళి ఆవిడ చేత మాట్లాడించండి, పళ్ళసెట్టు తీసేసి ఓసారి, పెట్టుకుని ఓసారి.

ఇప్పుడు అసలు పని, నేర్పడం. ఈ రోబోల్లో కొన్ని నేర్చుకునే పద్ధతి ఏంటంటే, అది ఏదో చేస్తుంది, మనిషి ఎలా తీసుకున్నారో చూసుకుంటుంది, నచ్చితే ఇంకా చేస్తుంది, నచ్చకపోతే తగ్గిస్తుంది. జపాన్‌లో తకనోరి షిబాతా గారు చేసిన పారో ఉంది కదా, సీల్ పిల్లలా తెల్లగా బొచ్చుతో ఉంటుంది, మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళ దగ్గర వాడతారు, అమెరికాలో మందుల మీద, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2009లో దాన్ని వైద్య పరికరాల కింద చేర్చింది. నిమిరితే అంతకుముందు చేసిన పనే మళ్ళీ చెయ్యాలని చూస్తుంది, కొడితే మానేస్తుంది, పెట్టిన పేరుకి పలకడం కూడా నేర్చుకుంటుంది.

మనకి ఇక్కడే చిక్కు. పొద్దున్నే సుగర్ బిళ్ళ వేసుకోండి అని అది అన్నప్పుడల్లా మామ్మగారు విసుక్కుని ఆపు బటన్ నొక్కేశారనుకోండి, నేర్చుకునే రోబో అయితే ఈవిడకి ఇది ఇష్టం లేదు కాబోలు అని గుర్తుచెయ్యడమే తగ్గించేస్తుంది. అందుకని బిళ్ళల టైమును నేర్చుకునే వాటిలో కలపకుండా సెట్టింగ్స్‌లో ఫిక్స్ చేసి పెట్టండి, పాటలు, కబుర్లు, ఎప్పుడు పలకరించాలి, ఇలాంటివి మాత్రమే దాని తెలివికి వదలండి. వేసుకున్నారా అని అడిగితే మనవాళ్ళు మర్యాదకి ఆయ్ అనేస్తారు, బిళ్ళ మాత్రం డబ్బాలోనే ఉంటుంది. ఏ రంగు బిళ్ళ వేసుకున్నారండీ అని అడిగేలా పెట్టండి.

నేర్పే మనిషి డల్లాస్‌లో ఉన్న కొడుకు కాకూడదు, రోజూ ఇంటికొచ్చే వంటావిడ అవ్వాలి. మామ్మగారు ఎప్పుడు టిఫిన్ చేస్తారో, ఎప్పుడు కునుకు తీస్తారో ఆవిడకే తెలుసు. 'ఆపు' కాకుండా 'తర్వాత గుర్తుచెయ్' బటన్ నొక్కడం ఆవిడకి చూపించండి, ఈ పనికి జీతంలో నాలుగు రూపాయలు ఎక్కువివ్వండి, ఊరికే చెయ్యమనడం అన్యాయం. టీవీకి దూరంగా పెట్టాలి, సీరియల్లో అత్తగారి అరుపులకి కూడా ఇది సమాధానం చెబుతుంది. సంక్రాంతికి మనవలు దిగినప్పుడు గెస్ట్ మోడ్ ఉంటే వెయ్యండి, లేకపోతే బీరువాలో పెట్టి బిళ్ళలు మీరే ఇవ్వండి, పండగ నాలుగు రోజులూ వాళ్ళ గోలంతా నేర్చుకుని తర్వాత మామ్మగారికి అర్ధరాత్రి కార్టూన్ పాటలు పెడుతుంది.

డోసు పెంచడం తగ్గించడం దాన్ని అడగనివ్వొద్దు, ఎంత తీయగా మాట్లాడినా అది డాక్టర్ కాదు. గుండెల్లో నొప్పి, పడిపోవడం, మాట తడబడటం లాంటివైతే ముందు 108, తర్వాత పక్కింటివాళ్ళు, ఆ తర్వాతే కొడుకు, ఎందుకంటే మనకి పగలైతే అమెరికాలో రాత్రి, నిద్రపోతుంటారు. అది తనంతట తానే 108కి చెయ్యగలదో లేదో కొనేముందే అడగండి, చెయ్యలేకపోతే పక్కింటివాళ్ళ నంబరే మొదట పెట్టి, వాళ్ళకి విషయం చెప్పి ఉంచండి.

కెమెరా విషయం మామ్మగారికి చెప్పకుండా పెట్టకండి. చీర మార్చుకునే గదిలో అసలే వద్దు, కెమెరాకి మూత లేకపోతే గుడ్డ ముక్క కప్పడం ఆవిడకే నేర్పండి.

తుఫాను సీజన్లో కరెంటు, నెట్ రెండూ పోతాయి. రోబోకీ రౌటర్‌కీ ఇన్వర్టర్ లైను ఇవ్వండి, అయినా బిళ్ళల పేర్లు, వేళలు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి దేవుడి గది తలుపుకి అంటించాల్సిందే. డాక్టర్ మందు మార్చినప్పుడు రోబోలో, అట్ట మీద రెండింట్లోనూ అదే రోజు మార్చండి, ఆ పని కూడా వంటావిడకే అప్పజెప్పొద్దు, మీరు వీడియో కాల్‌లో ఉండి చీటీ చదివించుకుని మార్పించండి.