బ్రహ్మోత్సవాల రద్దీకి ముందు వాట్సాప్‌లో సరిచూసుకోవలసినవి

బ్రహ్మోత్సవాలు దగ్గరపడుతున్నాయంటే తిరుపతిలో కాపురముంటున్న వారి ఫోన్లకు ఊళ్ల నుంచి బంధువుల ఆధార్ కార్డుల ఫొటోలు వరుసగా వస్తాయి. "నాయనా, మా నలుగురివీ పంపినాను, గది దొరుకుతుందేమో కొంచెం చూడు" అని పెదనాన్న అడిగితే కాదనలేము. అయితే ఆ ఫొటోలు పని అయిపోయాక కూడా ఎక్కడెక్కడ మిగిలిపోతాయో ముందే చూసుకోవడం మన బాధ్యత.

వాట్సాప్ సందేశాలన్నీ 2016 నుంచి ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప వేరెవరూ చదవలేని రూపంలోనే వెళ్తున్నాయి కనుక దారిలో ఆ కంపెనీ కూడా వాటిని చదవలేదు. కానీ ఫోన్ మార్చినా పాత సంభాషణలు పోకూడదని మనం గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకునే బ్యాకప్‌కు ఆ రక్షణ దానంతట అది రాదు. 2021లో వచ్చిన ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. దానికి పెట్టిన పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్ మొత్తం పోయినట్టే, కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు. అయినా ఆన్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. పాస్‌వర్డును కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటే చాలు.

కార్డులు పంపుకునే చాట్‌లో సందేశాలు 24 గంటల్లో వాటంతటవే తొలగిపోయేలా పెట్టుకోవచ్చు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది: వచ్చిన ఫొటో గ్యాలరీలో సేవ్ అయ్యేలా ఫోన్ సెట్ అయి ఉంటే, చాట్‌లో మాయమైన కార్డు గ్యాలరీలో అలాగే ఉంటుంది, అక్కడి నుంచి గూగుల్ ఫొటోస్‌లోకీ చేరవచ్చు. అందుకని అలా సేవ్ చేసే మీడియా విజిబిలిటీ అనే సెట్టింగ్‌ను ముందే ఆఫ్ చేయాలి.

టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లు ఆ సంస్థ సర్వర్లలోనే ఉంటాయి. ఏ ఫోన్‌లో తెరిచినా పాతవన్నీ కనిపించే సౌకర్యం అందువల్లనే వస్తోంది. చివరిదాకా ఎన్‌క్రిప్షన్ ఉండేది సీక్రెట్ చాట్‌కు మాత్రమే, గ్రూపులకు అది లేదు. గుర్తింపు కార్డులు అక్కడ పంపకండి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ మంచిదే గానీ, పల్లెలో ఉన్న పెద్దమ్మ చేత ఈ నాలుగు రోజుల కోసం దాన్ని పెట్టించడం జరిగే పని కాదు.

గుర్తింపు చూపితే సరిపోయే చోట, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి తీసి పంపండి.

అన్నిటికన్నా నాకు భయం జిరాక్స్ షాపుల గురించి. రైల్వే స్టేషన్ దగ్గర టికెట్టు ప్రింటు కోసం షాపు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి, రద్దీలో కాగితం అందుకుని వెళ్లిపోతే, మన చాట్‌లన్నీ ఆ తెర మీద తెరిచే ఉంటాయి. డబ్బులిచ్చే ముందే ఫోన్‌లోని వాట్సాప్‌లో లింక్‌డ్ డివైసెస్ తెరిచి లాగౌట్ చేయండి, డౌన్‌లోడ్స్‌లో పడిన ఫైలును మీ కళ్లెదుటే తీయించండి.