అడగడం, చెప్పడం – 4వ పాఠం: పైముడతా, కిందిముడతా?

పోయిన పాఠంలో, మిద్దెతోట గ్రూపులో మొక్క జబ్బు గురించి అడిగేటప్పుడు పెట్టాల్సిన ఫొటోల సంగతి చూశాం. మొక్క మొత్తం కనబడేలా ఒకటి, ఆకు పైవైపు ఒకటి, ఆకు తిప్పి అడుగువైపు ఒకటి, మూడూ పగటి వెలుతురులో తీయమన్నాను. ఆ మూడోది చాలామంది ఎగ్గొట్టి ఉంటారు. మేడ మీద ఎండలో వంగి, ఒక చేత్తో ఆకు తిప్పి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ నొక్కడం చిరాకే. అయినా తీయండి, ఈ పాఠంలో దానితో పనుంది.

మిద్దెతోట వాట్సాప్ గ్రూపుల్లో ఏటా వేసవిలో కనబడే బాపతు మెసేజ్ ఒకటి చూద్దాం. నమూనా కోసం నేనే రాశాను గానీ, మీ గ్రూపులోదే ఎత్తి రాశాననిపిస్తే నా తప్పు కాదు.

"సార్, మిరప మొక్కకి ముడత వచ్చింది. అర్జెంట్. ఏం మందు కొట్టాలి?"

కింద ఒకే ఒక్క ఫొటో. అందులో మొక్క కంటే వెనకాల ఉన్న వాటర్ ట్యాంకే స్పష్టంగా కనబడుతోంది. పది నిమిషాల్లో నాలుగు జవాబులు వచ్చాయనుకుందాం.

"వేపనూనె కొట్టండి."

"నీళ్లలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి కొట్టండి."

"పీకి పారేయండి, పక్క మొక్కలకి పాకుతుంది."

"ఇది నూరుసార్లు చెప్పుకున్నాం. పైన చూసుకోండి."

తమాషా ఏమిటంటే, మొదటి మూడూ ఒక్కో జబ్బుకి సరిపోయే జవాబులే. మిరపలో ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగితే కిందిముడత. అది నల్లి పని. ఇది మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కల నల్లి (మైట్). కీటకాల కిందికి రాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకి చుట్టం. అందుకే మామూలు పురుగుమందులు చాలావరకు దాన్ని ఏమీ చేయలేవు, గంధకం చేస్తుంది. ఇక ఆకులు చిన్నవైపోయి, కుచ్చులా గుబురు కట్టి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ కావచ్చు. అది పట్టిన మొక్కని బాగుచేసే మందు లేదు, పీకడమే.

అంటే ముగ్గురూ తమ మేడ మీద తాము చూసిన ముడతకి జవాబు చెప్పారు. అడిగిన మనిషి మేడ మీద ఉన్నది ఏ ముడతో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

దీని ఖరీదు నాకు తెలుసు. తోట మొదలుపెట్టిన ఏడాది ఇలాగే ఒకావిడ మాట మీద శనివారం వేపనూనె కొట్టాను. ఇంకో పెద్దాయన గంధకం అన్నారు. ఆయన్ని నొప్పించడం ఎందుకని మంగళవారం అదీ కొట్టాను. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. శుక్రవారానికి ఆకులు అంచుల నుంచి మాడిపోయి రాలడం మొదలుపెట్టాయి. నూనె కొట్టాక కనీసం రెండు వారాలు గంధకం జోలికి పోకూడదని, మండుటెండలో అసలే కొట్టకూడదని తర్వాత తెలిసింది. ఇద్దరూ మంచి మనసుతో చెప్పినవాళ్లే. ఆవిడ జవాబు ఆయన చదవలేదు, నూనె కొట్టేశానని నేను ఆయనకి చెప్పలేదు. మొక్క మాత్రం పోయింది.

ఇప్పుడు అదే ప్రశ్న మళ్లీ రాద్దాం.

"నమస్కారం. నేను ఈ నెలలోనే గ్రూపులో చేరాను. మిరప మొక్క వయసు రెండు నెలలు, పన్నెండు అంగుళాల గ్రో బ్యాగ్‌లో ఉంది, మధ్యాహ్నం దాకా ఎండ తగులుతుంది. వారం నుంచి లేత ఆకులు కిందికి ముడుచుకుంటున్నాయి. అడుగున కంటికి ఏమీ కనబడలేదు. శనివారం వేపనూనె లీటరుకి 5 మి.లీ. చొప్పున ఒకసారి కొట్టాను, తేడా లేదు. నేను చేరాక వచ్చిన మెసేజ్‌లలో 'ముడత' అని వెతికితే పైముడత గురించే దొరికింది. ఇది వేరేదా?"

పొడవైంది, నిజమే. కానీ చదవడానికి అర నిమిషం పట్టదు. "కిందికి" అన్న మాట చూడగానే తెలిసినవాళ్లు నల్లి దగ్గరికి వచ్చేస్తారు. "శనివారం వేపనూనె" అన్నది చూసి గంధకం చెప్పబోయేవాళ్లు ఆగుతారు. "అర్జెంట్" ఎక్కడా లేదు చూశారా? మొక్కకి అర్జెంటే, కాదనను. నిజంగా ఆగలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. రాత్రి పదకొండుకి గ్రూపులో నంబర్ పట్టుకుని సీనియర్‌కి నేరుగా ఫోన్ చేయడం మాత్రం వద్దు. మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా అలాంటిదే. పిలుపు సంగతి చిన్నది: పేరు తెలిస్తే పేరు చివర గారు, తెలియకపోతే "అండీ". డీపీ చూసి వయసు అంచనా వేసి "ఆంటీ" అనకండి.

ఇక పాతకాపులకి. నిజానికి ఈ పాఠం మీ కోసమే ఎక్కువ.

"పైన చూసుకోండి" అన్నారు కదా, చేరకముందు వచ్చిన మెసేజ్‌లు కొత్తవాళ్లకి మామూలుగా కనబడవు. లేని పేజీ తిరగేయమన్నట్టు అయింది. విసుగొస్తుంది, ఒప్పుకుంటాను, ఒకే సీజన్‌లో అదే ప్రశ్న ఇరవైసార్లు వస్తే ఎవరికైనా వస్తుంది. అలాంటప్పుడు ఊరుకోండి, ఇంకొకరు చెబుతారు. లేదా మీ పాత జవాబు ఫోన్‌లో దాచుకుని అదే మళ్లీ పెట్టండి.

జవాబు రాసే ముందు అప్పటికే వచ్చినవి చదవండి. ముందు చెప్పినవాళ్లతో తేడా ఉంటే వాళ్లని పేరు పెట్టి అడగండి: "మీరు నూనె చెప్పారు, నాకు నల్లిలా అనిపిస్తోంది, మీరేమంటారు?" మీరిద్దరూ తేల్చుకునేదాకా మందు కొట్టకుండా ఆగమని అడిగినవాళ్లకి ఒక ముక్క చెబితే చాలు. అన్నిటికంటే ముందు, ఫొటో సరిగా లేకపోతే మందు పేరు రాయకండి. "ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? అడుగువైపు ఫొటో పెట్టండి" అని అడగండి. "పీకి పారేయండి" అనేది ఆ తర్వాతి మాట. అవతలివాళ్లకి అది మొదటి మొక్క కావచ్చు. ముందు పక్క కుండీల నుంచి దూరంగా పెట్టమనండి, వైరసేనని తేలాక పీకమనండి.

వచ్చే పాఠానికి పని: "కుండీలో నిమ్మచెట్టు పూత రాలిపోతోంది, ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు. మీరు పాతకాపు. మందూ ఎరువూ చెప్పకుండా, తిరిగి అడగాల్సిన ప్రశ్న ఒక్కటి రాసుకోండి. నాలుగైదు తోస్తాయి. ఏది ముందు అడగాలో, ఎందుకో పక్కన ఒక వాక్యం రాయండి. 5వ పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం. ఆ నిమ్మచెట్టు బాగుపడ్డాక గ్రూపుకి ఏం చెప్పాలో కూడా అందులోనే చూద్దాం.